ఛాయ కూర్చుని తిన్న వేసవి

"ఆ రబ్బరు ట్యూబు తీసెయ్యి వదినా. చిన్నపిల్లలది. నా నడుముకి కాదు కదా, మోకాలిక్కూడా పట్టదు," అంది ఛాయ.

నేను తీయలేదు. సంచిలో చీరల కింద ఇంకాస్త లోపలికి నొక్కాను. పంజాగుట్ట ఫుట్‌పాత్ మీద కొన్నాను దాన్ని. గాలి ఊదితే పసుపుపచ్చ బాతవుతుంది. అమ్మేవాడు "మనవరాలికా?" అని అడిగితే అవునన్నాను. అరవై దగ్గర పడుతున్న ఆడపడుచుకని ఎలా చెప్పను?

"ఉండనీ. బరువేం కాదు."

"నేను ఈతకి వెళ్ళట్లేదు. విమానంలో వెళ్ళి, మూడ్రోజులు తిని, తిరిగి, వచ్చేస్తాను."

"విమానం దేని మీద నుంచి పోతుంది?"

ఛాయ నా వంక చూసి నవ్వింది. నవ్వుతూనే బాతుని తీసి మంచం కిందకి విసిరింది.

మధ్యాహ్నం బేరం అయిపోయి, సాయంత్రం బేరం మొదలయ్యే లోపు మాకు దొరికే కాస్త తీరికలో ఆ సంచి సర్దుకుంది. నాలుగు చీరలు, మాగాయ సీసా, కందిపొడి, దారిలో నోట్లో వేసుకోవడానికి ఉసిరి ముక్కలు. అంతే. మే నెల. వెనక గదిలో ఫ్యాను వేడి గాలే కొడుతోంది. వంటగదిలో కడగాల్సిన గిన్నెలు గుట్టగా ఉన్నాయి.

ఛాయాదేవి మా ఆయన కామరాజు చెల్లెలు. దాని మొగుడు పెళ్ళైన కొత్తలో మస్కట్ వెళ్ళాడు. ఆ తర్వాత అది మా దగ్గరికొచ్చింది. మా ఆయన పోయాక మిగిలింది మేమిద్దరమే. అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్ల వెనక సందులో, మా కర్రీ పాయింట్. ముందు షట్టరు, షట్టరు వెనక వంటగది, దాని వెనక మేం పడుకునే గది. పైన మూడంతస్తులూ ఆడపిల్లల హాస్టలు. ఛాయ వండుతుంది, నేను కవర్లలో పోసి ముడేసి ఇస్తాను. ఇద్దరం తినేది షట్టరు దించాకే, అదీ నిలబడి, గిన్నెల అడుగున మిగిలింది. అమ్మాల్సిన కూరలో ముందు మనం చెయ్యి పెట్టకూడదని మా ఆయన ఉన్నప్పటి నియమం. రుచి చూడాలన్నా అరచేతిలో ఒక్క చుక్క, అంతే.

పై హాస్టల్లో హైందవి అని ఒక పిల్ల ఉండేది. బ్యాంకు పరీక్షలకి చదివేది. దానికి జ్వరమొస్తే ఛాయ చారన్నం కలిపి పైకి తీసుకెళ్ళేది. ఆ పిల్లకి ఉద్యోగం వచ్చింది, వేసింది అండమాన్లో. పోర్ట్‌బ్లెయిరు. ఊరి పేరు మార్చారటగానీ పిల్ల ఇంకా పాత పేరే అంటుంది. ఆ వేసవిలో ఫోన్ చేసి, "ఆంటీ, అమ్మమ్మగారూ, ఇద్దరూ రండి. శుక్రవారం వచ్చి సోమవారం వెళ్ళిపోండి. టికెట్లు నావి," అంది. నేను రానన్నాను. ఛాయ "వస్తా" అంది. ఆ మాట అంత తొందరగా దాని నోట్లోంచి వస్తుందని నేననుకోలేదు.

నాకు బయల్దేరడాలంటే భయం. మా అమ్మ సామర్లకోట స్టేషన్లో రైలెక్కి కిటికీలోంచి చెయ్యూపింది. తర్వాత ఆవిణ్ణి చూడలేదు. మా తమ్ముడు అన్నం తిని సైకిలెక్కి వెళ్ళాడు. ఛాయ మొగుడు మస్కట్ వెళ్ళాడు. ఉన్నాడో లేడో కూడా తెలియదు. మా ఆయన పెరుగు పాకెట్లు తెస్తానని పంజాగుట్ట చౌరస్తా వైపు వెళ్ళాడు. వీళ్ళెవ్వరూ తిరిగి రామని చెప్పి వెళ్ళలేదు, ఏ సూచనా కనిపించలేదు. అందుకే ఎవరు చెప్పులు వేసుకుంటున్నా చేతిలో పని ఆపి అటే చూస్తాను.

నేను బడికెళ్ళలేదు. బస్సుల మీద పేర్లూ షాపుల బోర్డులూ చూసి అక్షరాలు కూడబలుక్కున్నాను. తర్వాత, పొట్లాలకని కొన్న పాత పేపర్లు చదివాను. చదువు రావడంతో నాకు తెలివి పెరిగిందో లేదోగానీ భయం మాత్రం పెరిగింది. సునామీ వచ్చిన నాటి పేపరు ఒకటి ఎప్పుడో నా చేతికొచ్చింది. అందులో అండమాను పేరుంది. ఆ పేపర్లో ఎవరికీ పొట్లం కట్టివ్వలేదు, దాచుకున్నాను.

*

శుక్రవారం తెల్లవారుతుండగానే సారయ్య ఆటో తెచ్చాడు. రోజూ ఎర్రగడ్డ రైతుబజారు నుంచి మాకు కూరగాయలు వేసుకొచ్చేది అతనే. నన్ను పెద్దమ్మా అంటాడు, ఛాయని చిన్నమ్మా అంటాడు.

ఛాయని గడప లోపల కాసేపు కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. సారయ్యని ఎదురుగా నిలబడొద్దని పక్కకి పంపాను.

"ఏంది పెద్దమ్మా, చిన్నమ్మ ఏమన్న యుద్ధానికి పోతుందా? మూడు దినాలల్ల వస్తది. ఫికర్ చెయ్యకు."

"నువ్వూరుకో సారయ్యా. ఛాయా, గుర్తుందిగా? పొద్దునొకసారి, సాయంత్రమొకసారి."

"గుర్తుంది వదినా. రెండు రింగులు, కట్."

అది మా పద్ధతి. ఫోను కొత్తగా కొన్నప్పుడు డబ్బులు దండగని మొదలుపెట్టింది, అలా ఉండిపోయింది. ఛాయ మార్కెట్‌కి వెళ్ళినా, ఆసుపత్రికి వెళ్ళినా, చేరగానే రెండుసార్లు మోగించి ఆపేస్తుంది. అంటే క్షేమం, ఎత్తక్కర్లేదు. ఆగకుండా మోగిందంటే ఏదో జరిగిందని. మా ఆయన పోయిన రోజున ఆ ఫోను ఆగకుండా మోగింది.

పంజాగుట్టలో ఎయిర్‌పోర్టు బస్సు ఎక్కించాం. ఛాయకి కిటికీ పక్క సీటు దొరికింది. చెయ్యి ఊపబోతే వద్దని సైగ చేశాను. అర్థం చేసుకుని చేతిని ఒళ్ళో పెట్టుకుంది. బస్సు ఫ్లైఓవరెక్కి, ఒంపు తిరిగి కనబడకుండా పోయింది.

ఇంటికొచ్చి చీపురు ముట్టుకోలేదు. ఊరెళ్ళిన మనిషి చేరినట్టు కబురు తెలిసేదాకా ఇల్లు ఊడవకూడదు. ఊడిస్తే ఆ మనిషి అడుగుల్ని కూడా ఊడ్చేసినట్టే. కూరగాయల తొక్కలు నేల మీదే ఉన్నాయి. ఉల్లిపొట్టు ఫ్యాను గాలికి ఇటూ అటూ తిరుగుతోంది. తొక్కుకుంటూనే వండాను. కూరలు కొనడానికొచ్చిన పిల్ల ఒకతి లోపలికి తొంగి చూసి ముక్కు చిట్లించింది. చిట్లించుకోనీ అనుకున్నాను.

మధ్యాహ్నం బేరం మధ్యలో ఫోను మోగింది. ఒకటి. రెండు. ఆగింది.

గరిటె వదిలేసి చీపురందుకున్నాను. కొనేవాళ్ళని నిలబెట్టి మరీ ఇల్లంతా ఊడ్చాను.

*

ఆ సాయంత్రమూ, శనివారం పొద్దునా రెండేసి రింగులు వచ్చాయి. సాయంత్రానికి మా సందు మీద మబ్బు కమ్మింది. ఎండాకాలపు వాన, గాలితో వచ్చింది. షట్టరు మీది రేకు ఎగిరెగిరి కొట్టుకుంది. సారయ్య ఆటో సందులోకి తోసి మా అరుగు మీద కూర్చున్నాడు. చేతిలో ఆ రోజు పేపరుంది. తీసుకుని చదివాను. బంగాళాఖాతంలో అల్పపీడనమట. చేపలు పట్టేవాళ్ళు వేటకి వెళ్ళొద్దట.

"సారయ్యా, ఇది అండమాను దగ్గరేనా?"

"సముద్రం పెద్దది గద పెద్దమ్మా. యాడుందో ఏమో."

"దగ్గరేనా కాదా?"

"దగ్గరైతే రేడియోల చెప్తరు. జర చాయ్ పొయ్యి."

టీ పోశాను. సారయ్య సాసర్లో ఒంపుకుని తాగాడు.

సాయంత్రం రింగులు రాలేదు.

ఫోనుని బియ్యం డబ్బా మీద పెట్టుకుని కూరలు ముడేశాను. సాంబారు కవరు ఒకటి చేతిలోనే పగిలింది. ఎవరికో పప్పు బదులు రసమిచ్చాను. వాన తగ్గింది. హాస్టలు పిల్లలు మెట్ల మీద నవ్వుకుంటూ ఎక్కుతున్నారు. ఆ నవ్వులు వింటే కోపమొచ్చింది. నేను చేద్దామా అంటే, పద్ధతి అది కాదు. వెళ్ళినవాళ్ళే చెయ్యాలి. నేను చేస్తే అటు ఎవరెత్తుతారో, ఎవరి గొంతు వినబడుతుందో.

ఆదివారం పొద్దున కూడా రాలేదు.

నా కళ్ళ ముందు పడవ ఒకటి తిరగబడుతూనే ఉంది. అందులో ఛాయ ఆకుపచ్చ నేత చీర కట్టుకునుంది. ఆ చీర నేనే సంచిలో పెట్టాను. నీళ్ళలో నేత చీర ఎంత బరువవుతుందో తల్చుకుని, సింథటిక్‌ది పెట్టాల్సింది కదా అనుకున్నాను. వంకాయలు తరుగుతూ తరుగుతూ అదే అనుకున్నాను. పోపు మాడింది. మళ్ళీ పెట్టాను. అదీ మాడింది.

మధ్యాహ్నం షట్టరు ముందు పిల్లలు నిండుగా ఉన్నారు. ఆదివారం వాళ్ళకి హాస్టల్లో వంట సరిగా ఉండదు, అందరూ మా దగ్గరికే వస్తారు.

అప్పుడు మోగింది.

ఒకటి. రెండు. ఆగుతుందని చూశాను. మూడు. నాలుగు. ఆగలేదు.

గరిటె పట్టుకున్న చేయి ఎక్కడిదక్కడే ఆగిపోయింది. ఫోను బియ్యం డబ్బా మీద వణుకుతోంది, డబ్బా మూత కూడా దాంతో పాటు వణుకుతోంది. పూర్తిగా మోగి ఆగింది. ఊపిరి పీల్చుకునే లోపే మళ్ళీ మొదలైంది.

"ఆంటీ, మీ ఫోన్," అంది ఒక పిల్ల.

"తెలుసు."

"ఎత్తరా?"

సారయ్య ఉల్లిపాయల బస్తా దించి లోపలికొచ్చాడు. "ఏంది పెద్దమ్మా, గంతసేపటి సంది మోగుతుంది, లేపవేంది?"

"ముట్టుకోకు. సారయ్యా, నీకు దండం పెడతాను, ముట్టుకోకు."

ఎత్తనంతసేపూ ఏమీ జరగలేదు. ఎత్తితేనే జరిగినట్టు. నాకు ఆ క్షణాన అంతే తోచింది. సారయ్యకి అది అర్థం కాలేదు, ఎలా అవుతుంది? తడిచేయి చొక్కాకి తుడుచుకుని ఫోనందుకున్నాడు. నేను కళ్ళు మూసుకున్నాను.

"అరె, వీడియో కాలే పెద్దమ్మా! చిన్నమ్మే. మస్తుగున్నది. సూడు, జర సూడు."

"వదినా!" ఛాయ గొంతు. "కళ్ళెందుకు మూసుకున్నావ్?"

తెరిచాను. సారయ్య ఫోను నా మొహం ముందు పట్టుకున్నాడు. ఒక వరండా. దాని వెనక కొబ్బరి చెట్లు గాలికి ఒకే పక్కకి వంగి ఉన్నాయి, వాటి వెనక బూడిదరంగులో సముద్రం. ముందు బల్ల దగ్గర, కుర్చీలో, ఛాయ. ఎదురుగా కంచం. ఫోను హైందవి పట్టుకున్నట్టుంది, గొంతు పక్కనుంచి వస్తోంది.

"అమ్మమ్మగారూ, ఆంటీని చూడండి. రెండోసారి అన్నం పెట్టించుకుంటోంది!"

"నిన్న సాయంత్రం రింగివ్వలేదే?" అన్నాను. నా గొంతు నాకే అరుపులా వినబడింది. షట్టరు దగ్గర పిల్లలు లోపలికి తొంగి చూశారు.

"అయ్యో," అంది ఛాయ. "మర్చిపోయాను వదినా."

"మర్చిపోయావా?"

"గట్టు మీద కూర్చున్నాం. మీకింకా ఎండుండగానే ఇక్కడ చీకటి పడిపోతుంది. చీకటి పడ్డాక కూడా అలాగే కూర్చున్నాం, సముద్రాన్ని చూస్తూ. ఊరికే. ఏమీ చెయ్యలేదు."

"పేపర్లో అల్పపీడనమని వేశారు."

"అవును, ఇవాళ పడవలాపేశారు. నిన్ననే ఎక్కేశాం మేం. అడుగున అద్దముంటుంది వదినా ఆ పడవకి. చేపలు మన కాళ్ళ కిందే తిరుగుతాయి. దీవి మీద జింకలున్నాయి, మన చేతిలో కొబ్బరి ముక్క లాక్కుని తింటాయి. జైలు చూశాం. పాపం ఆ గదులు మన వంటగది కంటే పెద్దవేలే."

నా కాళ్ళ కింద నేల పలచబడినట్టనిపించింది. ఫోన్లోకి ఇంకో మొహం వచ్చింది. బొద్దుగా, నుదుట పెద్ద బొట్టుతో ఒకావిడ. చేతిలో గిన్నె.

"ఏటమ్మా, బెంగెట్టుకున్నారేటి? మీ ఆడపడుచుకేటీ అవ్వదు. నాను మంజూషని, ఈ గెస్ట్‌హౌసు నాదే. మా అమ్మోళ్ళది సోంపేట, నాను పుట్టింది ఇక్కడే. నా సేపల పులుసులో సింతపండు తక్కువైందంట! వచ్చిన కాడ్నించీ నాకు వంకలెడతంది."

"తక్కువే," అంది ఛాయ. "అయినా బాగుంది. ఇంకో ముక్క వెయ్యి."

మంజూష వేసింది. ఛాయ ముల్లు తీసింది. ముద్ద కలుపుకుంది, నోట్లో పెట్టుకుంది, నమిలింది. నములుతూ సముద్రం వైపు చూసింది. మళ్ళీ నమిలింది. తొందర లేదు. ఎవరూ పిలవట్లేదు. ఇన్నేళ్ళలో ఛాయ నమలడం నేను చూడనేలేదని నాకప్పుడు తట్టింది. మా ఇద్దరిదీ మింగడమే.

"ఆంటీ, రసముందా?" అన్నాడెవరో షట్టరు దగ్గర.

"వదినా, బేరం చూసుకో. రేపు వచ్చేస్తాగా," అంది ఛాయ.

ఫోను ఆగిపోయింది. "ఖుషీగున్నది గద," అన్నాడు సారయ్య, తనకే మంచి కబురు వచ్చినట్టు. నేను అవునన్నాను. బతికుంది, కులాసాగా ఉంది. దేవుడికి దండం పెట్టుకోవాలి. పెట్టుకున్నాను కూడా. కానీ పొద్దుటినుంచీ కడుపులో ఉన్న చలి కదల్లేదు. ఇంకాస్త కిందకి జారి, కుదురుగా కూర్చుంది.

*

గాలివాన వల్ల సోమవారం విమానం ఆపేశారు. మంగళవారం వచ్చింది.

సారయ్య ఆటోలోంచి దిగుతుంటే చెయ్యి పట్టుకున్నాను. మణికట్టు దగ్గర గట్టిగా నొక్కి చూశాను. నల్లబడింది. జుట్టు ఉప్పుగాలికి బిరుసెక్కింది. ఎండు చేపలు తెచ్చింది, హైందవి ఇచ్చిన గవ్వల దండ తెచ్చింది. ఆ సాయంత్రమే చీర మార్చుకుని వంకాయ వేపుడు దింపింది. ఇంతే కదా, అనవసరంగా చచ్చాను అనుకున్నాను.

మర్నాడు మధ్యాహ్నం, ఇంకా షట్టరెత్తలేదు. కూరలన్నీ డబ్బాల్లో సర్దాం. ఛాయ కంచం తీసుకుంది. అన్నం పెట్టుకుంది. దొండకాయ, పప్పు, ములక్కాడల పులుసు, ఒక్కో డబ్బాలోంచీ ఒక్కో గరిటె తీసుకుంది. పీట వాల్చుకుని కూర్చుంది.

"ఏంటే?" అన్నాను.

"ఆకలేసింది వదినా."

"బేరం కాలేదు."

"బేరం అయ్యేసరికి ఆకలి చచ్చిపోతోంది."

అదేమీ కోపంగా అన్న మాట కాదు. తింది. బయట పిల్లలు షట్టరు మీద తడుతున్నారు. "ఆంటీ, తెరవలేదా?" ఛాయ నెమ్మదిగా మజ్జిగ పోసుకుంది. నేను మధ్యలో నిలబడ్డాను, అటు షట్టరు, ఇటు ఛాయ. వెళ్ళి తెరవలేకపోయాను. తెరిస్తే అది లేస్తుందేమోనని కాదు. లేవదేమోనని.

ఆ రోజు నుంచి రోజూ అంతే. తిన్నాకే షట్టరు. నాకూ కంచం పెట్టేది. నేను ముద్ద తీసుకుని నిలబడేదాన్ని. "కూర్చో వదినా" అనేది. "మోకాళ్ళు" అనేదాన్ని. బేరం తగ్గలేదు, పెరగలేదు. పిల్లలు కాసేపు ఆగి కొనుక్కున్నారు. ఇన్నాళ్ళూ ఎవరి కోసం నిలబడ్డామో నాకు తెలియలేదు.

ఇంకో మార్పు కూడా వచ్చింది. మధ్యాహ్నం తీరికలో పడుకునే మనిషి, మేడ మీదికి వెళ్ళడం మొదలుపెట్టింది. పైన ఏముంది? నీళ్ళ ట్యాంకులు, హాస్టలు పిల్లల బట్టలు. ఒకసారి మెట్లెక్కి చూశాను. ట్యాంకు నీడలో కూర్చుని సనత్‌నగర్ వైపు పొగ గొట్టాల్ని చూస్తోంది. నన్ను చూసి పక్కకి జరిగింది, కూర్చోమని. నేను బట్టలు తడిసిపోతాయని ఏదో అని దిగొచ్చేశాను. వాన లేదు.

*

జూన్ మొదట్లో ఒక ఆదివారం, సాయంత్రం బేరం మానేద్దామంది.

"ఎందుకు?"

"ఊరు చూద్దాం."

"ఏ ఊరు?"

"ఈ ఊరే."

అమీర్‌పేట స్టేషన్లో మెట్రో ఎక్కించింది. మా నెత్తి మీద అది తిరగడం మొదలై ఇన్నేళ్ళైనా నేనెప్పుడూ ఎక్కలేదు. కదిలే మెట్లు చూసి వెనక్కి వచ్చేశాను. ఛాయ చెయ్యి పట్టి లిఫ్టులో తీసుకెళ్ళింది. రైలు కదలగానే స్తంభాన్ని రెండు చేతులా వాటేసుకున్నాను.

"ఒక్కటే స్టేషను వదినా. పంజాగుట్ట. చూడు, చూడు, అదిగో."

చూశాను. ఫ్లైఓవరు మా కింద నుంచి పోతోంది. నగల దుకాణాల దీపాలు, ఆసుపత్రి గోడ, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సులు. మా ఆయన దాటబోయిన చౌరస్తా పైనుంచి అరచెయ్యంతే ఉంది. అంత చిన్నదని తెలియదు.

దిగి, చౌరస్తా దగ్గర టిఫిన్ హోటలుకి తీసుకెళ్ళింది. ఫ్యాను కింద బల్ల చూసుకుని కూర్చున్నాం. ఎవరో వండితే, ఎవరో తెచ్చి పెడితే తినడం. నాకు చేతులెక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. నెయ్యి ఇడ్లీ చెప్పింది, తనకి పెసరట్టు.

"అల్లం ఎక్కువేశాడు," అంది, తుంచి నోట్లో పెట్టుకుని. "అయినా బాగుంది."

అదే మాట. 'అయినా బాగుంది.' మంజూష పులుసుకీ అదే అంది.

"ఛాయా."

"ఊ."

"ఏదో చెప్పడానికి తీసుకొచ్చావ్."

అది పెసరట్టు మడత విప్పింది, మళ్ళీ మడిచింది. "మంజూష రమ్మంటోంది. ఆవిడకి వంటకి మనిషి కావాలి. మధ్యాహ్నం ఒక్కపూట. తర్వాత మన ఇష్టం. వెనకాల గదుంది, వంటిల్లుంది. గట్టు దగ్గరే."

"వంట చెయ్యడానికి అంత దూరం వెళ్ళాలా?"

"వంట కోసం కాదు."

"మరి?"

ఛాయ ఆలోచించింది.  "చెప్పడం రాదు వదినా. మధ్యాహ్నం అయ్యాక రోజు ఇంకా మిగిలుంటుంది అక్కడ."

సర్వరు నీళ్ళు పోసి వెళ్ళాడు. పక్క బల్ల దగ్గర ఎవరో పుట్టినరోజు పాట పాడుతున్నారు.

"నువ్వూ రా," అంది. "నీ కోసం కూడా అడిగాను. రమ్మంది. బోలెడంత చోటుంది."

నేను నోరు తెరిచాను. వస్తానని అనాలనే తెరిచాను. ఒట్టు. కానీ ఆ నీళ్ళు కళ్ళ ముందుకొచ్చాయి, చుట్టూతా నీళ్ళే, రోడ్డు లేదు, నడిచి వెనక్కి రావడానికి దారి లేదు. ఆ దీవి మీద నేను నిద్రపోతున్నట్టు, నీళ్ళు గడప ఎక్కుతున్నట్టు. చెంచా గిన్నెలో పడింది.

"సాంబారు చల్లారిపోతోంది, తిను," అంది ఛాయ.

తిన్నాను. అంతకంటే ఆ సంగతి గురించి మేమేమీ మాట్లాడుకోలేదు. తిరిగొచ్చేటప్పుడు మెట్రో వద్దన్నాను. నడిచే వచ్చాం. రోడ్డు దాటేచోటల్లా నా మోచెయ్యి పట్టుకుంది.

*

తర్వాత రోజుల్లో నేను రోజూ భయంతో లేచేదాన్ని. మంచం పక్కన ఛాయ చాప ఉందో లేదో ముందు చూసుకునేదాన్ని. ఉండేది. అది లేచి బియ్యం కడిగే చప్పుడు వినేదాన్ని. సముద్రం మింగితే సముద్రాన్ని తిట్టుకోవచ్చు. లారీ గుద్దితే లారీవాణ్ణి. కులాసాగా, కళ్ళ ముందే, నవ్వుకుంటూ పోయే మనిషిని ఏమని ఆపాలో ఏ పేపర్లోనూ చదవలేదు.

సారయ్యకి ఛాయే చెప్పింది. అతను ఆటోలోంచి దించబోతున్న కూరగాయల సంచిని మళ్ళీ సీటు మీద పెట్టేశాడు.

"గంత దూరమా చిన్నమ్మా? పెద్దమ్మ ఒక్కతే ఎట్లుంటది?"

"నువ్వున్నావుగా సారయ్యా."

"నేనుంటే ఏమైతది, ఉల్లిగడ్డలు దెస్త. గంతే గద." అని నా వైపు తిరిగాడు. "నువ్వు సుత పోరాదు పెద్దమ్మా?"

"నాకు నీళ్ళు పడవు," అన్నాను.

వంటకి కొత్త మనిషిని ఛాయే వెతికి పెట్టింది. కృష్ణానగర్ నుంచి వస్తుంది, మంచిదే. కూరలన్నీ దగ్గరుండి నేర్పింది. పులుసులో బెల్లం ఎప్పుడెయ్యాలో, గోంగూర ఎంతసేపు మగ్గాలో. నేర్పుతున్నప్పుడు దాని గొంతు తేలిగ్గా ఉంది. నేను వెనకాల నిలబడి కవర్లు లెక్కపెడుతున్నట్టు నటించాను.

వెళ్ళే పొద్దున సన్నగా జల్లు పడుతోంది. ఈసారి నేను దేన్నీ సంచిలో కుక్కలేదు. పేపరు చూడలేదు. వాతావరణం అడగలేదు. విమానం పడిపోతుందని కానీ, పడవ మునుగుతుందని కానీ ఒక్కసారి కూడా అనిపించలేదు. క్షేమంగా చేరుతుందని నాకు తెలుసు. అందుకే నా దవడలు అదిరాయి, పళ్ళు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. చలి అని చెప్పాను.

"దసరాకొస్తాను వదినా," అంది.

"ఊ."

"ఫోను మోగితే ఎత్తు. ఇకనుంచి మాట్లాడుకుందాం."

"ఊ."

నా చేతిలోంచి తన కొంగు చివర మెల్లగా విడిపించుకుంది. ఎప్పుడు పట్టుకున్నానో నాకు తెలియదు.

దసరాకి గెస్టులెక్కువని రాలేదు. చలికాలం సీజనని రాలేదు. ఆదివారాలు మంజూష వరండాలోంచి ఫోన్ చేస్తుంది. నేను ఎత్తుతాను. ఏం తిందో చెబుతుంది, ఎక్కడ కూర్చుందో చెబుతుంది. బొద్దైంది. ఎప్పుడొస్తావని నేనడగను, అది చెప్పదు.

మా ఆడపడుచు ఛాయాదేవి పోయిన ఏడు జూన్ ఇరవై రెండో తేదీ, ఆదివారం, అమీర్‌పేట నుంచి వెళ్ళింది. తిరిగి రాలేదు.